పిలిస్తే వినపడే హెడ్‌ఫోన్లు

మొన్న మా షాపుకి ఒకతను వచ్చాడు. ఇంటి దగ్గర కూర్చునే ఏదో హైదరాబాద్ కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాడట. కౌంటర్ మీద రెండు చేతులూ ఆన్చి, "అన్నా, మంచి హెడ్‌ఫోన్స్ ఇవ్వు. పెట్టుకుంటే బయటి సౌండు ఒక్క ముక్క వినపడకూడదు. మా ఇంట్లోవాళ్ళు పిలిచినా వినపడకూడదు" అన్నాడు. ఆ రకం నా దగ్గర అరల నిండా ఉన్నాయి. ఒకటి తీసిచ్చాను. పెట్టుకుని చూసి, తృప్తిగా తలాడించి పట్టుకుపోయాడు.

అతను మెట్లు దిగాక నాకు నవ్వాగలేదు. ఇదే కౌంటర్ ముందు నిలబడి, సరిగ్గా దీనికి ఎదురు కోరిక కోరి, నా ప్రాణం తోడేసిన మనిషి ఒకాయన ఉండేవాడు. "పాట వింటుంటే ఒళ్ళు మర్చిపోవాలయ్యా. కానీ మా ఆవిడ పిలిస్తే మాత్రం వినపడాలి" అనేవాడు. ఒళ్ళు మర్చిపోవడమూ, పెళ్ళాం పిలిస్తే పలకడమూ ఒకే హెడ్‌ఫోన్‌లో కావాలన్నవాణ్ణి నేను ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

బాబాయి గారు అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. చాట్రాయి రోడ్డులో మామిడితోట ఆయనది, తోటలోనే ఇల్లు. నాది నూజివీడు బస్టాండు దగ్గర ఫోన్లూ, ఛార్జర్లూ, ఇయర్‌ఫోన్లూ అమ్మే చిన్న షాపు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గంటసేపు అన్నీ తీయించి, ఏదీ కొనకుండా "మళ్ళీ వస్తాలే" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. అలాంటివాళ్ళందరికీ పెద్ద ఈయన. స్కూటర్ ఆపి, చొక్కా మీద మామిడి సొన మరకలతోనే లోపలికి వస్తూ, "ఏమయ్యా, కొత్త కాయేమన్నా దిగిందా?" అనేవాడు. కాయంటే హెడ్‌ఫోన్.

దిగిందంటే ఇక అయిపోయింది నా పని. దాన్ని చేతిలోకి తీసుకుని ముందు బరువు చూసేవాడు. తర్వాత బొటనవేలితో మెల్లగా నొక్కేవాడు. ఆ తర్వాత, దేవుడి మీద ఒట్టు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు.

"అది ప్లాస్టిక్ బాబాయ్ గారూ! వాసనేంటండీ?" అని అరిచేవాణ్ణి.

"అలవాటయ్యా. చెయ్యి ఊరుకోదు" అనేవాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

పెళ్ళిపందిట్లో సన్నాయి మేళం పక్కన చేరి, వడ్డన అయిపోయినా లేవని బాపతు ఆయన. ఫోన్ నిండా నాదస్వరమే. కాస్త వీణ, కాస్త పాత సినిమా పాటలు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ నాదస్వరం పెట్టుకుని, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకునేవాడు. ఇక షాపులో ఎంతమంది నిలబడ్డా ఆయనకి పట్టదు. కళ్ళు తెరిచాక తీర్పు చెప్పేవాడు. డబడబా మోగేదయితే, "అంతా టెంకేనయ్యా, గుజ్జు లేదు" అనేవాడు. చెవిలో గుచ్చుకునేదయితే, "సొన కారుతోంది, చెవి పొక్కుద్ది" అనేవాడు. ఒకసారి నేను మంచి రంగున్న కొత్త మోడల్ ఒకటి గొప్పగా తీసి చూపిస్తే, విని, జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసి, "మందు పెట్టి పండించారు. పైన పసుపు, లోపల పులుపు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట పక్కనున్న ఇద్దరు కస్టమర్లు విన్నారు. ఆ మోడల్ మరి నా షాపులో అమ్ముడుపోలేదు. ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది నాకు.

అయినా ఆయన్ని పొమ్మనలేకపోయాను. ఎందుకో చెప్తాను.

ఆయన భార్యని పిన్నిగారు అంటాను. ఒకప్పుడు ఆవిడ గొంతు ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన గొంతు. తోటకి ఈ చివర నిలబడి "ఏవండీ" అంటే ఆ చివర చెట్టు మీద కోతులు దిగి పారిపోయేవని కోతకొచ్చే కూలీలు చెప్పుకునేవారు. అలాంటావిడకి మెడలో గడ్డ లేచింది. విజయవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు పోయింది. పూర్తిగా పోలేదు. పక్కన కూర్చుంటే వినపడేంత మిగిలింది. గట్టిగా మాట్లాడితే ఆ మిగిలింది కూడా పోతుందన్నారట డాక్టర్లు.

"చేతికి ఒక గంటివ్వండి, వాయిస్తారు" అని సలహా ఇచ్చాను నేను.

"ఇచ్చానయ్యా. గుళ్ళో దేవుణ్ణి పిలుస్తున్నానా, మొగుణ్ణి పిలుచుకోవడానికి గంటేంటి అని విసిరికొట్టింది."

"పోనీ ఫోన్ చెయ్యమనండి."

"ఇంట్లో ఉన్న మనిషికి ఫోనేంటంటది. 'ఏవండీ' అంటది, నేను 'ఆఁ' అనాలి. అంతే. ఇంకో పద్ధతి లేదు." మళ్ళీ తనే అన్నాడు. "అంత గొంతేసుకుని పిలిచినన్నాళ్ళూ వినపడనట్టు నటించానయ్యా నేను. కాయ లోడవుతోందనీ, మోటార్ మోగుతోందనీ. ఇప్పుడు అరవలేక అట్టా చూస్తూ నిలబడుద్ది చూడు, అది నావల్ల కాదు."

స్పీకర్ పెట్టుకుంటే పాట కింద ఆవిడ మాట మునిగిపోతుంది. మామూలు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవులకి తలుపులు వేసినట్టే. ఆవిడ వెనక నిలబడి పిలిచి, పిలిచి, చివరికి వచ్చి భుజం తట్టాల్సి వస్తోంది. ఒకరోజు వంటింట్లో కాలు జారి పడి, లేవలేక అక్కణ్ణుంచే పిలుస్తూ ఉందట. ఈయన వరండాలో నాదస్వరం వింటూ కూర్చున్నాడు. దెబ్బ పెద్దది కాదు గానీ, ఆ రోజు నుంచి పాటలు పూర్తిగా మానేశాడు. మానేశాక మనిషి చూడబుద్ధేసేవాడు కాదు. మాటకి ముందు విసుక్కునేవాడట. చివరికి పిన్నిగారే, "వినండి. కానీ నేను పిలిస్తే పలికేదేదో చూసుకుని వినండి. లేకపోతే ఇంట్లోకి తేవద్దు" అని షరతు పెట్టి పంపించింది. ఆ షరతు మోసుకుని తిరుగుతున్న మనిషిని ఎలా పొమ్మంటాం?

బయటి శబ్దాన్ని మైకుతో పట్టి లోపలికి పంపే బుల్లి ఇయర్‌బడ్స్ చూపించాను. పెట్టుకుని ఇంటికెళ్ళి మర్నాడే తెచ్చిచ్చేశాడు. "మా ఆవిడ బస్టాండులో మైకు పట్టుకుని 'చాట్రాయి వెళ్ళు బస్సు' అన్నట్టుంది. ఆవిడ గొంతే కాదది. ఉన్నదే కాస్త గొంతు, దాన్ని కూడా మార్చేస్తే ఎట్టాగయ్యా?" అన్నాడు. మాట నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు మొదలుపెట్టాడు కొత్త పేచీ. మా వైపు మామిడికాయ కొనేవాడు కోసి చూపించమనడం మామూలే. అమ్మేవాడు గంపలోంచి ఒకటి తీసి, చెక్క కోసి చేతిలో పెట్టాలి. అది తిన్నాకే బేరం. కోయనన్నవాడి దగ్గర ఎవరూ కొనరు, ఏదో దాస్తున్నాడని. ఈయన ఒకరోజు తాపీగా స్టూలు మీద కూర్చుని, "ఇన్ని చూశాం గానీ లోపలేముందో ఒక్కటీ చూళ్ళేదు. ఒకటి కొయ్యి" అన్నాడు.

"కొయ్యడమేంటండీ, హెడ్‌ఫోన్‌ని!"

"నేను కోసి చూపించకుండా ఎప్పుడన్నా అమ్మానా? నువ్వెందుకు చూపించవు?"

విసుక్కుంటూ, రిపేరుకొచ్చి ఎవరూ తిరిగి తీసుకెళ్ళని పాత హెడ్‌ఫోన్ ఒకటి తీసి, వెనక మూతల స్క్రూలు విప్పి ఆయన ముందు పడేశాను. "చూడండి. తిన్నారా? తృప్తిగా ఉందా?" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూతలు లేకుండానే తలకి తగిలించుకుని పాట పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు.

"ఇదిగో, బస్సు హారన్ వినపడుతోందయ్యా."

"వినపడదా మరి, వెనకంతా తెరిచి ఉంటే!"

"పాటా వినపడుతోంది, హారనూ వినపడుతోంది." చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఆ మూత మళ్ళీ పెట్టమాక. నాక్కావాల్సింది ఇదే."

నాకప్పుడు తలకెక్కింది. కంపెనీలవాళ్ళే వెనక మూత బదులు జల్లెడ పెట్టి చేసేవి ఉంటాయని నాకు తెలుసు. వాటిని ఓపెన్ బ్యాక్ అంటారు. పాట చెవిలో ఇరుక్కున్నట్టు కాకుండా గదిలో ఎదురుగా పాడుతున్నట్టుంటుంది. బయటి శబ్దం లోపలికి వస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది. బస్సులో పెట్టుకుంటే పక్కవాడు తిడతాడు, అందుకే మా ఊళ్ళో ఎవరూ అడగరు, నేనెప్పుడూ తేలేదు. ఇదంతా చెప్తే ఆయన నా చేతులు రెండూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా పుణ్యాత్ముడా" అన్నాడు.

విజయవాడ నుంచి ఒకటి తెప్పించాను. మంచి సరుకు. కాకపోతే దానికి వైరుంది. రెండు రోజులు బ్రహ్మాండం అన్నాడు. మూడో రోజు దాన్ని తలకి తగిలించుకుని కోత చూడటానికి తోటలోకి వెళ్ళాడట. వైరు రెమ్మకి చిక్కుకుంది. ఈయన కింద నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు, హెడ్‌ఫోన్ చెట్టు మీద ఉండిపోయింది. ఫోన్ వైరు చివర ఊగుతోంది. పక్క చెట్టు మీదున్న కూలీ ఒకతను, గెడకి కట్టిన చిక్కంతో దాన్ని కాయ కోసినట్టు కోసి దించాడట. "బాబుగారూ, ఇది పెద్ద రసమా, చిన్న రసమా?" అని కూడా అడిగాడట. ఆ సీజనంతా తోటలో అదే నవ్వులాట. ఆ సంగతి నాకు చెప్తూ ఆయనే అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

"కాబట్టి వైరు వద్దు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"వెనక తెరిచి ఉండాలి, వైరుండకూడదు, పాట మీ నాదస్వరానికి తగ్గట్టుండాలి. బాబాయ్ గారూ, అలాంటివి చేసేవాళ్ళే తక్కువండీ. వైరు లేనివి కొనేవాళ్ళు బయట తిరిగేవాళ్ళు. వాళ్ళకి మూత కావాలి. మూత లేనివి కొనేవాళ్ళు ఇంట్లో కూర్చునేవాళ్ళు. వాళ్ళకి వైరున్నా ఫర్వాలేదు."

"నేను ఇంట్లో తిరిగేవాణ్ణి. నాకేది?" అన్నాడు.

నేను వెతికాను. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటూనే వెతికాను. నాకు తెలిసిన హోల్‌సేల్ వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. అందరూ నవ్వారు. చివరికి ఎక్కడో ఒకటుందంటే తెప్పించాను. పెట్టె విప్పకుండా ఆయనకి ఫోన్ చేస్తే, "రేపు మీ పిన్నిని తీసుకొస్తా. నాకు నచ్చితే చాలదుగా. ఇదీ కాకపోతే ఇక పాటల మాటెత్తను, నీ షాపుకీ రాను" అన్నాడు. షాపుకి రాను అన్నది బెదిరింపో, వరమో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. పిన్నిగారు బక్కపల్చని మనిషి, మెడ చుట్టూ పమిట కప్పుకుని ఉంది. ఆయన గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నాడు. పాట ఎంత పెట్టుకుంటాడో అంతా పెట్టుకోవాలి, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి మామూలుగా మాట్లాడాలి, అదీ పరీక్ష. ముందు తేడా తెలియాలని నేను మూతలున్న మామూలు హెడ్‌ఫోన్ ఇచ్చాను. పిన్నిగారు "ఏవండీ" అంది. ఆయనలో చలనం లేదు. మళ్ళీ అంది. లేదు. అప్పుడు ఆవిడ నావైపు చూసి, ఆ సన్నటి గొంతుతోనే, "పెళ్ళిచూపులప్పుడే ఈ మనిషి చెవులు చూసి మా నాన్నకి చెప్పాను బాబూ, ఇవి ఆడదాని మాట వినే చెవులు కావని. ఆయన కూడా వినలేదు" అంది. షాపంతా ఘొల్లుమంది. బాబాయి గారు తిరిగి చూసి, "ఏమంది? ఏమందయ్యా?" అని ఒక్కొక్కర్నీ అడిగాడు. ఒక్కడూ చెప్పలేదు.

తర్వాత కొత్తది ఇచ్చాను. బరువు చూశాడు. నొక్కాడు. వాసన కూడా చూశాడు, పిన్నిగారు నుదురు కొట్టుకుంది. తగిలించుకుని, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకున్నాడు. జల్లెడలోంచి సన్నగా నాదస్వరం మాక్కూడా వినపడుతోంది. షాపులో అందరూ మాటలాపేశారు. పిన్నిగారు ఈసారి "ఏవండీ" అనలేదు. కొంటెగా నావైపు చూసి, "ఆ చెవులు చూసినప్పుడే పెరటి గుమ్మంలోంచి పారిపోవాల్సింది నేను" అంది.

బాబాయి గారు కళ్ళు తెరవలేదు. "పారిపోతే వెనకాలే వచ్చేవాణ్ణి" అన్నాడు.

పిన్నిగారు పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సిగ్గో, నవ్వో, ఇంకేదో. ఆ వయసులో ఆవిడ ముఖం అలా ఎర్రబడటం చూసి షాపులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. కొత్త హెడ్‌ఫోన్ కదా, కొన్నాళ్ళు పాడితే గొంతు సర్దుకుంటుందనీ, ఆపకుండా పాడిస్తే ఇంకా మంచిదనీ సంగీతం పిచ్చివాళ్ళు అంటుంటారు. నేను నోరు జారి ఆ మాట అన్నాను. ఆయన గంభీరంగా తలాడించి వెళ్ళిపోయాడు. పదిహేను రోజుల తర్వాత దిగాలుగా వచ్చి, "జుయ్యిమంటోందయ్యా. లోపల తేనెటీగ దూరినట్టుంది" అన్నాడు.

విప్పాను. తేనెటీగ లేదు గానీ మిగిలినవన్నీ ఉన్నాయి. వరిగడ్డి పొట్టు, గడ్డి నుసి, నల్లచీమలు, వాటి గుడ్లు. కొట్టుగదిలో కాయలు మాగేసినట్టు, అడుగున వరిగడ్డి పరిచి, చిన్న రసాల మధ్య హెడ్‌ఫోన్ పెట్టి, పైన మళ్ళీ గడ్డి కప్పి, తలుపేసి, పొద్దస్తమానం నాదస్వరం పాడించాడట. కాయలకి ఒక పక్కే వేడి తగలకుండా రోజూ తిరగేస్తారు కదా, దీన్ని కూడా రోజూ తిరగేశాడట.

"బాబాయ్ గారూ!" నా కేకకి పక్క టిఫిన్ సెంటరు అతను పరుగెత్తుకొచ్చాడు. "వెనక మూత లేదని తెలిసే కదా కొన్నారు! గడ్డిలో పెడితే పొట్టు దూరదా?"

"పచ్చిగా ఉంది, మాగాలన్నది నువ్వే."

"సర్దుకోవాలన్నానండీ, మాగాలనలేదు!"

"రెండూ ఒకటేగా?" అన్నాడు అమాయకంగా. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "గడ్డి మరీ ఎక్కువైందంటావా?"

చిన్న బ్రష్షు పెట్టి ఒక్కొక్క పొట్టూ ఊడ్చి, చీమల్ని సాగనంపి, బిగించి ఇచ్చాను. పాడటం మొదలుపెట్టగానే ఆయన ముఖం విచ్చుకుంది. "చూశావా, మాగింది" అన్నాడు. స్కూటర్ దగ్గరికెళ్ళి ఒక సంచి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. హెడ్‌ఫోన్‌తోపాటు అదే గడ్డిలో, అదే పాట వింటూ మాగిన చిన్న రసాలట. సాయంత్రం ఇంట్లో తిన్నాం. మా ఆవిడ "ఈ ఏడు ఇంత మంచి కాయ తినలేదు" అంది. నేను నాదస్వరం సంగతి చెప్పలేదు. ఆయన మాట గెలిచినట్టవుతుందని.

ఆ తర్వాత కూడా వస్తుండేవాడు. కొనడానికి కాదు, కబుర్లకి. "నిన్న పెరట్లోంచి పిలిచింది, మొదటి పిలుపుకే పలికాను" అని, పరీక్షలో ఫస్టు వచ్చినట్టు చెప్పేవాడు. పిన్నిగారి గొంతు మాత్రం ఏటికేడాదీ ఇంకా సన్నబడుతూ వచ్చింది. "ఇప్పుడు గాలి కదిలినట్టుంటదయ్యా ఆవిడ పిలిస్తే. అయినా వినపడుద్ది. భలే హెడ్‌ఫోన్ ఇచ్చావు" అనేవాడు. ఆ మాటకి నేను కాలరెగరేసేవాణ్ణి. పోయిన వానాకాలంలో నిద్రలోనే పోయాడు. కబురు తెలిసి తోటకి వెళ్ళాను. వరండాలో ఆయన కుర్చీ చూసి బయటే నిలబడి ఏడ్చాను.

ఈ వేసవిలో, కాయ కోతలు మొదలైన రోజుల్లో, పిన్నిగారు షాపుకొచ్చింది. ఆటో దిగి, చేతిసంచితో ఒక్కతే వచ్చింది. షాపు కిటకిటలాడుతోంది. ఎవరో పెళ్ళికని పెద్ద స్పీకర్ మోగించి చూస్తున్నారు, గోడ మీద టీవీ అరుస్తోంది. ఆవిడ పెదవులు కదుపుతోంది గానీ నాకు ఏమీ వినపడటం లేదు. కౌంటర్ మీదకి వంగాను. అయినా లేదు. స్పీకర్ ఆపించాను. టీవీ ఆపాను. ఫ్యాను కూడా కట్టేశాను. "ఒక్క నిమిషం మాట్లాడకండయ్యా" అని అందరి మీదా అరిచాను. అప్పుడు వినపడింది.

"ఇందులో ఏదో పోయింది బాబూ. ఆయన అంత పిచ్చిగా ఏం వినేవాడో ఒకసారి విందామని పెట్టుకున్నా. ఎక్కడో పక్కతోటలో పాడుతున్నట్టుంది. బాగుచెయ్యి."

సంచిలోంచి హెడ్‌ఫోన్, ఆయన ఫోన్ తీసి ఇచ్చింది. ఇంకెక్కడో పొట్టు మిగిలిపోయి ఉంటుందనుకున్నాను. విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. ఛార్జింగ్ ఉంది. ఫోన్ తీసి చూస్తే సౌండు గీత అట్టడుగున ఉంది. ఇంకొక్క మెట్టు దించితే మూగే.

"ఈ ఫోన్ ఎవరైనా ముట్టుకున్నారా పిన్నిగారూ?"

"ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పోయిన రోజు ఎలా ఉందో అలాగే బీరువాలో పెట్టా. నిన్ననే తీసి ఛార్జింగ్ పెట్టించా."

అది అలాగే ఉంచి నేను తగిలించుకుని చూశాను. నాదస్వరం ఉందా లేదా అన్నట్టు ఉంది. ఎదురుగా నిలబడ్డ ఆవిడ గాజులు చిన్నగా కదిలితే మాత్రం స్పష్టంగా వినపడింది. నాకు అప్పుడర్థమైంది. భలే హెడ్‌ఫోన్ ఇచ్చావని ఆయన అంటే నేను కాలరెగరేశానే, అందులో నా హెడ్‌ఫోన్ గొప్పతనం సగమే. ఆవిడ గొంతు తగ్గినకొద్దీ ఆయన తన పాట తగ్గించుకుంటూ వచ్చాడు. హెడ్‌ఫోన్ మెల్లగా తీసి కౌంటర్ మీద పెట్టాను.

"పాడవలేదు పిన్నిగారూ. బాబాయి గారే తగ్గించి పెట్టుకున్నారు. మీరు పిలిస్తే వినపడాలని."

ఆవిడ నావైపు అలాగే చూసింది. తర్వాత కోపం వచ్చింది ఆవిడకి. నిజంగా కోపమే. "మరి నా పక్కన కూర్చుని తల ఊపేవాడే! కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసేవాడే! ఏం విని ఊపాడయ్యా ఈ మనిషి?" అంది. అంటూనే నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వింది.

"పెంచమంటారా?" అన్నాను.

"పెంచు. ఆయన ఎంత పెట్టుకోవాలనుకున్నాడో అంతా పెంచు."

స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆవిడ తలకి తగిలించి, మెల్లమెల్లగా పెంచాను. జల్లెడలోంచి నాదస్వరం ఆ నిశ్శబ్దంలోకి ధారగా వచ్చి షాపంతా నిండింది. స్పీకర్ కొనడానికొచ్చినవాళ్ళు కూడా కదలకుండా నిలబడ్డారు. పిన్నిగారు కళ్ళు మూసుకుంది. చెవుల నిండా పాట ఉన్నప్పుడు మనిషి తన గొంతు ఎంత లేస్తోందో చూసుకోదు. డాక్టర్లు చెప్పింది మర్చిపోయింది, మేమంతా ఉన్నామన్నది మర్చిపోయింది, ఆయన లేడన్నది కూడా మర్చిపోయినట్టుంది.

"ఏవండీ, ఎంత బాగుందండీ!" అంది ఎలుగెత్తి.

రోడ్డు మీద అరటిపళ్ళ బండివాడు ఎవరు పిలిచారా అని తిరిగి చూశాడు.